తెగకపోయినా గట్టింగ్ చచ్చిపోతుంది

అందరికీ నమస్కారం. కోర్టు మీద ఎండ తగ్గేలోపు టెన్నిస్ రాకెట్ గట్టింగ్ గురించి, అంటే రాకెట్‌లో బిగించే తీగల గురించి నాలుగు మాటలు చెబుతాను.

విజయనగరం వాళ్లకి శ్రుతి గురించి ఒకరు చెప్పక్కర్లేదు. 1919లోనే ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా సంగీత పాఠశాల వెలిసిన ఊరు మనది. వీణ తీగ దిగితే వాయించేవాళ్లు ఆపి బిరడ తిప్పుతారు. రాకెట్ తీగ దిగితే మాత్రం మన పిల్లలు ఏడాదంతా అలాగే ఆడేస్తున్నారు.

"ఏటండీ, తెగనేలేదు కదా, మళ్లీ ఎందుకు మార్చడం?" అని మొన్న ఒక తండ్రిగారు అడిగారు. ఇదిగో, ఈ రెండు రాకెట్లు వినండి. రెండిట్లో ఒకే పాలియెస్టర్ తీగ, రెండూ మెషిన్ మీద 52 పౌండ్ల బిగింపుకే బిగించాను. నిన్నటిది అరచేత్తో తడితే ఖంగుమంటోంది. మూడు నెలలు ఆడినది దబ్బుమంటోంది. తీగని పట్టి ఉంచే మెషిన్ క్లాంప్ వదిలిన క్షణం నుంచే తీగ సడలడం మొదలెడుతుంది, మొదటి రోజే చాలా పోతుంది. మెషిన్ చూపించిన అంకె ఆ క్షణానిదే, మీరు ఆడే రోజుది కాదు.

అన్నిటికన్నా వేగంగా సడలేది పాలియెస్టరే. 1997 ఫ్రెంచ్ ఓపెన్‌ను బ్రెజిల్ ఆటగాడు కుయెర్టెన్ ఆ తీగతో గెలిచాక అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. బంతి తగలగానే నిలువు తీగలు పక్కకి జారి, చటుక్కున వెనక్కి వస్తాయి, బంతి ముందుకి గిర్రున తిరిగే టాప్‌స్పిన్ అక్కడ పుడుతుంది. అయితే పెద్ద ఆటగాళ్లు ప్రతి మ్యాచ్‌కీ కొత్తగా బిగించుకుంటారు. ఆ సాగుడు గుణం పోయాక తీగ వెనక్కి రాదు, దెబ్బంతా మోచేతికి చేరుతుంది.

ఇది నా ఇంట్లోనే జరిగింది. పదమూడేళ్ల మా మేనల్లుడు టీవీలో చూసినదే కావాలంటే, పూర్తిగా పాలియెస్టర్ 58 పౌండ్లకు బిగించి ఇచ్చాను. రెండు నెలలకి వాడు నీళ్ల చెంబు ఎత్తలేకపోయాడు. తప్పు నాదే. విశ్రాంతి ఇప్పించి, సన్నని పోగులు కలిపి చేసే మెత్తటి మల్టీఫిలమెంట్ తీగ 50కి వేశాకే మళ్లీ కోర్టులోకి పంపాను.

బిగింపు బాగా నిలబెట్టుకునేది ఆవు పేగుతో చేసే నేచురల్ గట్. ఫ్రెంచ్ కంపెనీ బాబోలా వాళ్లు 1875 నుంచి గట్ తీగలు చేస్తున్నారు. కానీ ఖరీదు ఎక్కువ, తడి తగిలితే పాడవుతుంది. మన సముద్రపు గాలికీ, వానలకీ పిల్లల చేతికి నేనివ్వను. తీగలు తెంపే వయసు రాని పిల్లలకి నైలాన్ గానీ మల్టీఫిలమెంట్ గానీ, 50 దగ్గర, చాలు. తెంపేవాళ్లకి నిలువు పాలియెస్టర్, అడ్డం నైలాన్ వేసి చూడండి. ఫెదరర్ తిరగేసి, నిలువు గట్, అడ్డం పాలియెస్టర్ వాడేవాడు.

వారానికి ఎన్ని రోజులు ఆడితే ఏడాదికి అన్నిసార్లు మార్చాలన్నది పాత లెక్క. పాలియెస్టర్‌కి అది సరిపోదు, ఇంకా ముందే మార్చాలి. రాకెట్‌ని ఎండలో కారు డిక్కీలో వదలకండి. గట్టింగ్ చేయించిన తేదీని చిన్న ప్లాస్టర్ ముక్క మీద రాసి పిడి పైన అంటించండి.

ఇప్పుడు మీ పిల్లల రాకెట్లు ఇటు తెండి, ఒక్కొక్కటీ తట్టి విందాం.