ఎలుక పెట్టినా పాము ముట్టకపోతే

అందరికీ నమస్కారం.

చేలగట్ల మీద తిరిగే జెర్రిపోతునో, కాలవలో నీరుకట్టెనో పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా బెదిరిన పాము డబ్బాలో ఏమీ తినదు. దాన్ని అటవీశాఖకి అప్పజెప్పాల్సిందే. ఇవాళ్టి మాటలు ఆఫ్రికా బాల్ పైథాన్ అనే కొండచిలువ గురించి. దాన్నీ 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. అలకపాన్పు ఎక్కడంలో పెంపుడు పాముల్లో దీనికి మంచి పేరుంది.

తినకపోతే ముందు వేడి చూడండి. పెట్టెలో ఒక చివర 31-32 డిగ్రీలు, రెండో చివర 25-27 ఉండాలి. గాజుకి అతికించిన థర్మామీటరు గాలి వేడి చెబుతుంది, పాము పడుకునేదేమో నేల మీద. థర్మామీటరు ప్రోబు (కొలిచే మొన) తీగని వెచ్చటి గూట్లో నేలకి ఆనించి చూడండి. ధనుర్మాసం రాత్రుల్లో కరెంటు పోతే హీట్ మ్యాట్ (పెట్టెని వెచ్చబరిచే కరెంటు చాప) చల్లారిపోతుంది. తిన్న రాత్రే అలా జరిగితే అరక్క ఎలుకని కక్కేస్తుంది. కక్కాక రెండు వారాలు ఏమీ పెట్టకండి, ఆ తర్వాత మామూలు సైజులో సగం పెట్టండి. రోహిణి కార్తెలో ఇంకో తంటా. చల్లటి చివరే 33 దాటితే పాము నీళ్ళ గిన్నెలో పడుంటుంది, మేత ఊసెత్తదు. వేడి మించకుండా ఆపే థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ ఏ కాలంలోనూ వద్దు, పొట్ట కాలుతుంది.

కోనసీమలో కొబ్బరి పొట్టుకి కొదవ లేదు. పరవడానికి మంచిదే. ఉప్పునీటిలో నానిన పీచుదైతే మాత్రం మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టాలి. గుప్పిట్లో పిండితే చుక్క కారకూడదు. వానాకాలంలో తేమ కొలిచే హైగ్రోమీటరు 60 శాతం చూపిస్తుంటే నీళ్ళు చిలకరించడం మానెయ్యండి. తడి పొట్టు మీద పడుకున్న పాముకి పొట్టకింద పొలుసులు ఎర్రబడి పుళ్ళవుతాయి. ఆ నొప్పికి తిండి మానేస్తుంది.

కుబుసం ముందు తినకపోవడం మామూలే. ఒళ్ళు మసకబారి, కళ్ళు పలచటి గంజిలా నీలంగా తేలిపోతాయి. కొన్నాళ్ళకి కళ్ళు తేటపడతాయి, ఆపైన వారంలోపే కుబుసం వదులుతుంది. అప్పటిదాకా ఎలుక చూపించకండి.

కొత్తగా తెచ్చిన పాముని వారం రోజులు తాకకండి. ఒళ్ళు ఇరుక్కునేంత గూళ్ళు రెండు, చెరో చివరా పెట్టండి. వెడల్పు పెట్టెలో దానికి ధీమా ఉండదు.

ఎలుక పాము నడుమంత లావు ఉంటే చాలు. ఫ్రీజర్లోది రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, పాలిథిన్ కవర్లో పెట్టి వేణ్నీళ్ళలో ఉంచండి. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికిపోతుంది. బాల్ పైథాన్ పెదాల మీది గుంటలతో వేడిని పసిగడుతుంది కాబట్టి ఎలుక 38 డిగ్రీలకి వెచ్చబడాలి, తల ఇంకాస్త వెచ్చగా ఉన్నా మంచిదే. తుడిచి, పొడుగు పట్టకారుతో, చీకటి పడ్డాక చూపించండి. పట్టించుకోకపోతే తీసేసి వారం ఆగండి. రోజూ చూపిస్తే ఎలుకంటేనే బెదురుతుంది. బతికున్న ఎలుకని వదలొద్దు, తినని పాముని అదే కొరుకుతుంది. పాలు పోసేవాళ్ళూ ఉన్నారు. నాగులచవితికి పుట్టలో పోసేది భక్తి, పాము కడుపుకి మాత్రం పాలు అరగవు.

ఎదిగిన మగ పాము జతకట్టే కాలంలో నెలల తరబడి తినకపోయినా బరువు పెద్దగా తగ్గదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద డబ్బాతో సహా వారానికోసారి తూచి, డబ్బా బరువు తీసేసి రాసుకోండి. పదో వంతు తగ్గితే ఆగకుండా పశువైద్యుడికి చూపించాలి. పిల్ల పాముకి అంత ఓపిక ఉండదు, బరువు తగ్గకున్నా మూడు నాలుగు వారాలు ముట్టకపోతే చాలు, చూపించాలి. నోట్లో బుడగలు, నోరు తెరిచి ఊపిరి, చిగుళ్ళ మీద చీము, పొలుసుల సందుల్లో నల్లటి పురుగులు కనిపిస్తే బరువుతో పని లేదు, ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి. నోరు తెరిచి బలవంతంగా కుక్కితే గొంతు చీరుకుపోతుంది. వెళ్ళేటప్పుడు బరువుల పుస్తకమూ, దొరికితే తాజా మలం మూతడబ్బాలో వేసి పట్టుకెళ్ళండి. లోపల పురుగులున్నాయో లేదో అందులోనే తెలుస్తుంది.