సీమ ఎండలో, బోరు నీళ్లలో అల్యూమినియం ఆనోడైజింగ్

ఆకాశవాణి శ్రోతలకు నమస్కారం.

సత్తు తపేలాలో బోరు నీళ్లు కాగబెడితే, నీళ్లు ఉన్నంత మేరా లోపల నల్లబడుతుంది. మర్నాడు అదే తపేలాలో చింతపండు పులుసు కాస్తే నలుపంతా పోయి తెల్లగా మెరుస్తుంది. తోమకుండానే తెల్లబడిందని సంతోషిస్తాం గానీ, ఆ నలుపు ఎక్కడికి పోయిందో ఆలోచించం. పులుసులోకే పోయింది.

సత్తు అంటే అల్యూమినియమే. దాన్ని గీరి తాజా లోహాన్ని బయటపెడితే, గాలి తగిలిన మరుక్షణమే పైన ఒక ఆక్సైడ్ పొర కడుతుంది. మందం 2 నుంచి 4 నానోమీటర్లు, అంటే మామూలు కాగితం మందంలో సుమారు ముప్పై వేలో వంతు. ఇనుముకు పట్టే తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది. ఈ పొర లోహాన్ని అంటిపెట్టుకుని కాపాడుతుంది. అయితే పులుపునూ క్షారాన్నీ కొలిచే పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 వరకే దీనికి నిలకడ. పులుపు ఎక్కువైనా కరుగుతుంది, క్షారం ఎక్కువైనా కరుగుతుంది. మన బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. కాగే కొద్దీ ఆ నీళ్లు ఇంకా క్షారమవుతాయి. గిన్నె నల్లబడటం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ పలచటి పొరను కరెంటు సాయంతో వేల రెట్లు మందం చేయడమే ఆనోడైజింగ్. 1923లో బ్రిటన్‌లో సముద్ర విమానాల భాగాలను ఉప్పునీటి నుంచి కాపాడటానికి క్రోమిక్ యాసిడ్‌తో మొదలుపెట్టారు. తర్వాత నాలుగేళ్లకు, 1927లో సల్ఫ్యూరిక్ యాసిడ్ పద్ధతి వచ్చింది. ఇప్పుడు కిటికీలకు, తలుపులకు, షాపుల ముందరి ఫ్రేములకు వాడుతున్నది ఈ రెండోదే. దానికి కావాల్సిన యాసిడ్, కరెంటు రెండూ డబ్బు పెడితే దొరుకుతాయి. చల్లదనం, ఉప్పులేని నీళ్లు కూడా కావాలి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో కరువు ఆ రెంటికే. అందుకే ఇక్కడ షెడ్డు పెట్టేవాళ్లు ముందు యాసిడ్‌ను చల్లబరిచే యంత్రానికీ, అంటే చిల్లర్‌కూ, నీటి ప్లాంటుకూ డబ్బు లెక్క వేసుకుని, ఆ తర్వాతే ట్యాంకుల జోలికి పోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

పని వరుసలో చెప్పుకుందాం. అచ్చులోంచి లాగి తీసిన అల్యూమినియం కడ్డీని సెక్షన్ అంటారు. వచ్చిన సెక్షన్‌కు ముందు నూనె, జిడ్డు వదిలించాలి. తర్వాత కాస్టిక్ సోడా ట్యాంకులో ముంచుతారు. లీటరుకు 50 గ్రాముల కాస్టిక్, 55 నుంచి 60 డిగ్రీల వేడి, 5 నుంచి 10 నిమిషాలు. ఇది పైపొరను కొద్దిగా తినేసి, అచ్చులోంచి లాగినప్పుడు పడిన గీతలను మరుగున పడేసి, మెరుపు తగ్గిన నునుపునిస్తుంది. కాస్టిక్ కోసం మనం దూరం పోనక్కర్లేదు, కర్నూలు పక్కన గొందిపర్లలోనే తయారవుతుంది.

ఇక్కడే ఎండాకాలపు మొదటి తంటా. వేడి కాస్టిక్‌లోంచి తీసిన సెక్షన్‌ను మే నెల గాలిలో వేలాడదీసి కబుర్లు చెప్పుకుంటూ నిలబడితే, దాని మీద కాస్టిక్ అక్కడికక్కడే ఆరిపోతుంది. ఆరినచోట మరకలు పడతాయి. ఆ మరకలు ఆనోడైజ్ అయ్యాకే స్పష్టంగా కనబడతాయి, అప్పటికి చేయగలిగింది ఉండదు. కాబట్టి కడిగే ట్యాంకు పక్కనే ఉండాలి, సెక్షన్ తీసిన అర నిమిషంలోపే నీళ్లలో పడాలి.

కాస్టిక్ అల్యూమినియాన్నే తింటుంది. మిశ్రమంలోని సిలికాన్, ఇనుము, రాగి కరగకుండా పైన నల్లటి మసిలా మిగులుతాయి. వేలితో రుద్దితే అంటుకుంటుంది. దాన్ని పలచటి నైట్రిక్ యాసిడ్‌లో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీస్తారు. మసి పూర్తిగా పోకుండా ముందుకు పంపితే పొర మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ఇప్పుడు అసలు ట్యాంకు. లీటరుకు 180 గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్. 5000 లీటర్ల ట్యాంకుకు 98 శాతం యాసిడ్ సుమారు 500 లీటర్లు పడుతుంది. ముందు నీళ్లు నింపి, అందులోకి యాసిడ్‌ను కొంచెం కొంచెంగా, ఆగి ఆగి పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే ఒక్కసారిగా ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ ఇందులో మినహాయింపు లేదు.

ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫైయర్ ప్లస్ వైపు సెక్షన్‌ను కలపాలి. మైనస్ వైపు సీసం పలకలు గానీ, అల్యూమినియం పలకలు గానీ ఉంటాయి. చదరపు మీటరుకు 150 ఆంపియర్లు, సుమారు 16 వోల్టులు, యాసిడ్ వేడి 18 నుంచి 21 డిగ్రీలు. ఈ లెక్కన నిమిషానికి 0.45 మైక్రాన్ చొప్పున పొర పెరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 15 మైక్రాన్లకు 33 నిమిషాలు, 25 మైక్రాన్లకు 55 నిమిషాలు పైచిలుకు. వోల్టు మీటరును చూసి టైము అంచనా వేసేవాళ్లున్నారు, అది తప్పు. పొరను పెంచేది ఆంపియర్లే. అందుకే సెక్షన్ పైవైశాల్యం కొలిచి ఆంపియర్లు నిర్ణయించాలి. బోలుగా ఉన్న సెక్షన్‌కు బయటి వైశాల్యంతో పాటు, లోపల కొసల దగ్గర కాస్త మేర కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సెక్షన్‌ను పట్టుకుని కరెంటు అందించే జిగ్గు బిగింపు కూడా ఇంతే ముఖ్యం. పట్టు వదులైతే కరెంటు ఆ ముక్కకు అందదు, లేదా పట్టుకున్నచోట కాలి మచ్చ పడుతుంది. అల్యూమినియం జిగ్గులైతే వాటి మీద కూడా పొర కడుతుంది, ఆ పొర కరెంటును పోనివ్వదు. కాబట్టి వాటిని ప్రతిసారీ కాస్టిక్‌లో ముంచి శుభ్రం చేయాలి. టైటానియం జిగ్గులకు ఈ బాధ లేదు. ధర ఎక్కువే, కానీ ఏళ్లకేళ్లు వస్తాయి.

ఇక వేడి సంగతి. ఒకసారికి ఆరున్నర చదరపు మీటర్ల సరుకు వేశామనుకోండి. దాదాపు 1000 ఆంపియర్లు, 16 వోల్టులు, అంటే 16 కిలోవాట్లు. ఇందులో దాదాపు అంతా యాసిడ్‌లో వేడిగానే దిగుతుంది. ట్యాంకులో రెండేసి కిలోవాట్ల గీజర్లు ఎనిమిది వేసినట్టు. చల్లబరచకపోతే 5000 లీటర్ల ట్యాంకు గంటలో దాదాపు 3 డిగ్రీలు ఎక్కుతుంది. 20 దగ్గర మొదలుపెడితే రెండు గంటలయ్యేసరికి 25 దాటుతుంది.

దాటితే ఏమవుతుంది? ఈ ట్యాంకులో ఒకేసారి రెండు పనులు జరుగుతుంటాయి. కరెంటు పొరను కడుతుంది, యాసిడ్ ఆ పొరనే పైనుంచి కొద్దికొద్దిగా కరిగిస్తుంది. చల్లగా ఉంటే కట్టడం గెలుస్తుంది. వేడెక్కే కొద్దీ కరగడం జోరందుకుంటుంది. పొర మెత్తబడి, గుడ్డతో తుడిస్తే సుద్దపొడిలా రాలుతుంది. దానికి రంగు వేస్తే రంగు కూడా పొడితోనే పోతుంది. ఆ 16 కిలోవాట్లకే 4.6 టన్నుల చిల్లర్ కావాలి. రసాయన చర్య వేడి, 42 డిగ్రీల బయటి ఎండ కలుపుకుంటే 6 టన్నులకు తగ్గితే అనంతపురంలో నడవదు. డబ్బు మిగుల్చుకోవాలంటే ఎండాకాలంలో తెల్లవారుజామున, రాత్రి పూట పని పెట్టుకోవడం తెలివైన పద్ధతి. యాసిడ్ కింద గాలి బుడగలు ఆడిస్తూ ఉండాలి. లేకపోతే మీటరు 20 చూపిస్తున్నా సెక్షన్‌ను ఆనుకున్న యాసిడ్ అంతకన్నా వేడిగా ఉంటుంది.

కరెంటు పోతే? సరుకు యాసిడ్‌లోనే ఉంటుంది, కట్టేవాడు లేడు, కరిగించేవాడు ఉన్నాడు. కరెంటు వస్తుందిలే అని పది నిమిషాలు చూస్తూ కూర్చోకండి. చేతిచైను బ్లాకుతోనైనా పైకి లేపి, నీళ్లలో ముంచి పెట్టండి.

నీళ్ల విషయం దీనికంటే చిక్కైనది, ఎందుకంటే కంటికి కనబడదు. యాసిడ్ ట్యాంకులో క్లోరైడ్ లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పొర కట్టేటప్పుడే సూదిమొనలతో పొడిచినట్టు గుంటలు పడతాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం క్లోరైడ్‌ను 250 దాకా ఒప్పుకుంటుంది. అంటే మనం నిశ్చింతగా తాగే నీళ్లు ఈ ట్యాంకుకు పనికిరాకపోవచ్చు. ఫ్లోరైడ్ కూడా పొరకు చేటే, అనంతపురం జిల్లా బోర్లలో దాని సంగతి అందరికీ తెలుసు. ఒక్కరోజులో ఏమీ కాదు. ఆవిరైన నీటి బదులు రోజూ బోరు నీళ్లు పోస్తూ పోతే నీళ్లు ఎగిరిపోతాయి, ఉప్పులు అక్కడే పేరుకుంటాయి. కొన్ని నెలలకు గుంటలు మొదలవుతాయి. అప్పుడు తప్పు సెక్షన్ కంపెనీదని గొడవ పడతారు.

ఆఖరి మెట్టు సీలింగ్. ఆనోడైజ్ అయిన పొర నిండా సన్నటి గొట్టాల్లాంటి రంధ్రాలుంటాయి. గోధుమ రంగో నలుపో కావాలంటే తగరం లవణమున్న మరో ట్యాంకులో ఏసీ కరెంటుతో ఆ రంధ్రాల అడుగున తగరాన్ని దింపుతారు. రంగు వేసినా వేయకపోయినా చివరికి ఆ నోళ్లు మూయాలి. 96 డిగ్రీలకు పైన మరిగే శుద్ధజలంలో, మైక్రానుకు 3 నిమిషాల లెక్కన ఉంచితే, ఆక్సైడ్ నీటిని పీల్చి ఉబ్బి రంధ్రాలు మూసుకుంటాయి. 15 మైక్రాన్లకు 45 నిమిషాలు. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి.

ఈ నీటిలో సిలికా లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే సీలింగ్ పట్టదు. గంటసేపు ఉడకబెట్టినా నోళ్లు తెరుచుకునే ఉంటాయి. గ్రానైట్ నేలల కింది నీటిలో సిలికా సహజంగానే ఎక్కువ. కడప, కర్నూలు సున్నపురాతి నేలల్లోనైతే సున్నం ఎక్కువ, సెక్షన్ మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. చాలామంది సాఫ్ట్‌నర్ పెట్టేసి నిశ్చింతగా ఉంటారు. సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీసి దాని బదులు సోడియం పెడుతుంది, అంతే. క్లోరైడ్ కదలదు, సిలికా కదలదు. సీలింగ్‌కు ఆర్వో, దాని వెనక మిగిలిన లవణాలను తీసేసే డీఎం ప్లాంటు ఉండాల్సిందే. కడిగే నీళ్లకు మాత్రం అంత ఖర్చు అక్కర్లేదు. రెండు ట్యాంకులు వరసగా పెట్టి, మంచినీళ్లను రెండోదాంట్లో పోసి, దాని పొంగును మొదటిదాంట్లోకి మళ్లిస్తే, సరుకు ఎదురు దిశలో నడుస్తుంది కాబట్టి చాలా నీళ్లు మిగులుతాయి.

గ్యాసు ఖర్చుకు భయపడి నికెల్ ఫ్లోరైడ్‌తో చల్లటి సీలింగ్ చేసేవాళ్లున్నారు. మైక్రానుకు ఒక నిమిషం చాలు, తర్వాత ఒకరోజు ఆగితే గట్టిపడుతుంది. కాకపోతే అది 25 నుంచి 30 డిగ్రీల మధ్య నడవాలి. పేరుకు చల్లటి సీలింగ్, మే నెలలో దానికీ చిల్లర్ కావాల్సిందే.

మిశ్రమం గురించి ఒక్క మాట. కిటికీల సెక్షన్‌కు 6063 అనే రకం మిశ్రమం సరైనది. తుక్కు కరిగించి తీసిన చౌక సెక్షన్లలో ఇనుము 0.35 శాతం దాటితే పొర మసకబారి బూడిదరంగుకు తిరుగుతుంది. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కాస్టింగ్ ముక్కలు తెచ్చి ఆనోడైజ్ చేయగలరా అని అడిగేవాళ్లు కనబడుతున్నారు. ఆ కాస్టింగుల్లో సిలికాన్ పది పన్నెండు శాతం వరకు ఉంటుంది. ముదురు బూడిద మచ్చలు తప్ప అందం రాదు. వాటికి పౌడర్ కోటింగే మేలు. అందులోనూ ఆరుబయట వాడేవాటికి పాలియెస్టర్ పౌడర్ అడగండి. ఎపాక్సీ ఎండకు సుద్దలా తేలిపోతుంది.

ఇల్లు కట్టుకునేవాళ్లు కిటికీలు దించుకునేటప్పుడు ఏం చూడాలి? బిల్లు మీద ఆనోడైజింగ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1868 ప్రకారం గ్రేడ్ ఏసీ 15 అనో ఏసీ 20 అనో రాయించుకోండి, ఆ అంకె మైక్రాన్లు. సముద్రపు గాలి లేని మన ఊళ్లకు 15 సరిపోతుంది, 25 కోసం అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. మల్టీమీటర్ రెండు కొనలు మెల్లగా ఆనించి చూడండి. ఆక్సైడ్ పొర ఉంటే కరెంటు పారదు. మందం ఎంతో అది చెప్పదు, పొర ఉందో లేదో చెబుతుంది. సీలింగ్ చూడాలంటే కనబడని మూల సిరాచుక్క వేసి, ఐదు నిమిషాలాగి తడిగుడ్డతో తుడవండి. మరక మిగిలితే నోళ్లు మూయలేదన్నమాట.

ఇంత కష్టపడి కట్టిన పొరను పాడుచేసేది మాత్రం ఎక్కువగా మేస్త్రీలే. పచ్చి సిమెంటు పీహెచ్ 12 దాటి ఉంటుంది. అది ఫ్రేము మీద పడి ఆరితే తుడిచినా పోని తెల్లమచ్చ పడుతుంది. ప్లాస్టరింగ్ అయ్యేదాకా ఫ్రేముకు టేపు ఉంచండి, అయ్యాక వెంటనే తీసేయండి. ఎండకు టేపు జిగురు కాలి అంటుకుంటే అదో కొత్త పని. కడప బండలు పరిచాక సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడుగుతారు చూడండి, ఆ పని కిటికీలు బిగించకముందే అయిపోవాలి. బిగించాక తప్పకపోతే, కింది ఫ్రేములన్నీ ముందే నీళ్లతో తడిపి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, యాసిడ్ పోసి కడిగిన వెంటనే ధారాళంగా నీళ్లు కొట్టించండి. రోజువారీ తుడవడానికి నాలుగు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు చాలు. బట్టల సోడా వద్దు, పీచు అసలే వద్దు.

నమస్కారం.