క్లాసు లేని రోజు స్పారింగ్ యాడ చేసుకోవాల?

[కెమెరా ముందు నేల మీద కూర్చుని. వెనక గోడకి ఆనించిన జిగ్‌సా మ్యాట్లు.]

అందరికీ నమస్తే. మా కరాటే వారానికి మూడు క్లాసులు, క్లాసుకి గంట. వామప్, బేసిక్స్, కటా (వరసగా ఒంటరిగా చేసే కదలికలు) అయ్యేసరికి స్పారింగ్‌కి, అంటే ఇద్దరు ఎదురెదురుగా ఆడే ప్రాక్టీసుకి, పది నిమిషాలు మిగుల్తాయి. ముప్పై మంది పిల్లలుంటే మీ వంతుకొచ్చేది ఒక రౌండు. టోర్నమెంటు నెల రోజులుందనగా అందరూ నన్ను అడిగేది ఒకటే మాట. "అన్నా, తిరుపతిలో స్పారింగ్ చేసుకోను చోటు యాడుంది?"

చోట్లు ఉన్నాయి, చెప్తా. అంతకంటే ముందు, చానా రోజుల్నుంచి నన్ను బాధపెడతా ఉన్న సంగతొకటి చెప్పాల. స్పారింగంటే కొట్లాట అనుకునేవాళ్ళు వీధిలోనే కాదు, మన క్లాసుల్లో కూడా ఉన్నారు. మాస్టర్ లేకుంటే చాలు, "ఈ రోజు తేల్చుకుందాం" అని దిగుతారు. అట్లాంటోళ్ళకి ఎంత మంచి హాలు దొరికినా దెబ్బలే మిగుల్తాయి.

మా ఊళ్ళో మామిడి తోపు పక్కన దిగుడుబావి ఉండేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా చిన్నాయన నడుముకి బెండ్లు కట్టి, తాడు కొస తన చేతికి చుట్టుకుని, నన్ను అందులోకి దించినాడు. దించే ముందు మూడు చూపించినాడు. నీళ్ళు యాడికున్నాయో రాతి మీద పాచి గీత చూపించి లోతు చెప్పినాడు. మెట్లు ఏ పక్కనో చూపించినాడు. తాడు తన చేతిలోనే ఉందని ఒకసారి గుంజి చూపించినాడు. ఆ గుంజుడు నా నడుముకి తగిలినాకే నాకు ధైర్యం వచ్చింది.

స్పారింగ్‌కి కూడా ఈ మూడే కావాల. లోతు అంటే ఎంత బలంతో కొట్టుకోవాలనేది. ముందే నోటితో అనుకోవాల: "తలకి తాకీ తాకనట్టు, ఒంటికి సగం బలం." మెట్లు అంటే బయటికి వచ్చే దారి. చేత్తో రెండు తట్లు తట్టినా, "చాలు" అన్నా ఆ క్షణమే ఆగిపోవాల. తాడు అంటే మూడో మనిషి. ఆడకుండా గట్టు మీద నిలబడి చూసేవాడు. ఇద్దరే వెళ్ళి స్పారింగ్ చెయ్యొద్దు. ఎంత దోస్తులైనా వద్దు. ఒక దెబ్బ గట్టిగా తగిలితే రెండోది ఇంకొంచెం గట్టిగా పోతుంది, మూడోదానికి ఇద్దరికీ తెలీకుండానే లోతులో ఉంటారు. గట్టు మీదున్నోడికే అది కనపడేది.

[మ్యాట్ ఒకటి తీసి నేల మీద పరుస్తూ.]

సరే, ఇంక నేల. మనోళ్ళు మొదట పోయేది మిద్దె మీదికి. ఎవురూ అడగరు, గాలొస్తుంది, ఫ్రీ. దయచేసి వద్దు. నేను కళ్ళారా చూసినా. సాయంత్రం పూట, వాటర్ ట్యాంకు పక్కన నాలుగడుగుల సందు. నాతో ఆడతా ఉన్న తమ్ముడికి నేను కొట్టిన కిక్కు గట్టిదేం కాదు. ట్యాంకు కారి నేల తడిగా ఉంది, వాడి మడమ జారింది, తల వెనక భాగం సిమెంటుకి తగిలింది. కొబ్బరికాయ కింద పడినట్టు సద్దు. లేచి "ఏం కాలేదన్నా" అని నవ్వినాడు. అరగంటకి వాంతి చేసుకున్నాడు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మ ముందు కూర్చున్నప్పుడు నాకు నోట మాట రాలేదు. తమ్ముడు కోలుకున్నాడు. నేను మళ్ళీ సిమెంటు మీద ఆడలేదు.

మెదడు పుర్రెలో ఊగుతుంది. దెబ్బకైనా ఊగుతుంది, పడ్డప్పుడు ఇంకా ఊగుతుంది. హెడ్‌గార్డ్ ఉంది కదా అంటారు. అది చర్మం చిట్లకుండా, వాపు రాకుండా కాపాడుతుంది, లోపల ఊగేదాన్ని ఆపలేదు. 2013లో పురుషుల అమెచ్యూర్ బాక్సింగ్ పెద్ద పోటీల్లో హెడ్‌గార్డ్ తీసేసినారు. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్ళు అది లేకుండానే ఆడినారు. అట్లని మీరు తీసెయ్యమని చెప్పడంలా. హెడ్‌గార్డ్ పెట్టుకున్నాం కదా అని లోతు పెంచొద్దంటా ఉండా.

ఇప్పుడు చోట్లు. అన్నిటికంటే మంచిది మీరు నేర్చుకునే హాలే. క్లాసు లేని గంటల్లో అది ఖాళీగానే ఉంటుంది. మాస్టర్‌ని నేరుగా అడగండి: "సార్, ఆదివారం పొద్దున ఇద్దరు సీనియర్లతో చేసుకుంటాం, ఊడ్చి తాళం వేసి ఇస్తాం." చానా మంది అడగరు. ఆయనకి తెలీకుండా ఇంకోచోట చేసి, దెబ్బ తగిలినాక ఆయన పేరు చెప్తారు. అది అన్యాయం.

రెండోది మైదానం. ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియం వైపు, శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్ వైపు, చిత్తూరు వాళ్ళకైతే మెసానికల్ గ్రౌండ్. లోపల ఎవరిని అడగాలో అడిగి, వాళ్ళు సరేనంటేనే దిగండి. పచ్చిక ఉన్న తావు వెతుక్కోండి. ఎండాకాలంలో మన ఎర్రనేల బండరాయిలా గట్టిపడి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, అందుకే పొద్దున ఏడున్నర లోపల ముగించెయ్యాల. ఇంకొకటి, దూరం నుంచి చూసేవాళ్ళకి మీది నిజంగా కొట్లాటలాగే కనపడుతుంది. వీడియో తీస్తారు, 112కి ఫోన్ చేస్తారు. వాళ్ళ తప్పేం లేదు. వాచ్‌మన్‌కి ముందే చెప్పండి, గ్లవ్స్, షిన్‌గార్డ్స్ కనపడేటట్టు పెట్టుకోండి. కపిలతీర్థం, అలిపిరి చుట్టుపక్కల మాత్రం వద్దు. భక్తులు నడిచే చోట తన్నుకోవడం మర్యాద కాదు. అలిపిరి మెట్లు 3,550 అంటారు, దమ్ము పెంచుకోవాలంటే గోవిందా అనుకుంటా ఎక్కండి.

మూడోది నాకు బాగా ఇష్టమైంది. కల్యాణమండపం! తిరుపతిలో ఏ వీధికి పోయినా ఒకటుంటుంది. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు, హాళ్ళు బోసిగా ఉంటాయి. మేనేజర్‌ని కలిసి "పొద్దున రెండు గంటలు, కరెంటు చార్జీ, క్లీనింగ్ మేమిస్తాం" అంటే మాట్లాడే వాళ్ళున్నారు. నేల మాత్రం నున్నటి గ్రానైటు. షామియానా షాపు పచ్చ కార్పెట్ పరిస్తే సరిపోతుందనుకుంటారు. అది రాయి మీద జారుతుంది, మనిషిని కూడా తీసుకుని జారుతుంది.

[మ్యాట్ అంచు కెమెరాకి దగ్గరగా పెట్టి.]

ఇదిగో, ఇది మీటరుకి మీటరు, 25 మిల్లీమీటర్ల మందం. పంటి అంచులు ఒకదాంట్లో ఒకటి గట్టిగా దిగాల. సందు ఉంటే కాలి బొటనవేలు ఇరుక్కుంటుంది. పోటీల్లో కరాటేకి ఆడే చోటు ఎనిమిది మీటర్లకి ఎనిమిది, చుట్టూ రక్షణ స్థలం వేరే. ప్రాక్టీసుకి ఐదుకి ఐదు, అంటే 25 ముక్కలు చాలు. నలుగురు కలిసి కొనుక్కుంటే ఒక ఆటోలో పడతాయి. జూడో, జియుజిట్సు వాళ్ళకి ఇది చాలదు, విసిరేసుకుంటారు కాబట్టి నాలుగు సెంటీమీటర్ల మందం కావాల.

షటిల్ ఇండోర్ కోర్టులు కూడా పనికొస్తాయి. మధ్యాహ్నం పూట ఖాళీ, గంటల లెక్కన ఇస్తారు. కోర్టు వెడల్పు 6.1 మీటర్లు, మన 25 ముక్కలు హాయిగా పడతాయి.

టైమ్ అయిపోతా ఉంది, గబగబా చెప్పేస్తా. వేరే స్టయిల్ వాళ్ళతో ఆడేటప్పుడు రూల్సు ముందే కలపండి. తైక్వాండోలో తలకి కిక్కు పాయింటు, ముఖానికి పంచ్ తప్పు. బాక్సర్‌కి అదే ముఖ్యం. ఇద్దరూ ఎవరి అలవాటు వాళ్ళు పెట్టుకుని దిగితే ఒకరి పన్ను పోతుంది. మౌత్‌గార్డ్ లేనోడిని దించొద్దు. పంచ్‌లుంటే 16 ఔన్సుల గ్లవ్స్. బరువులో పది కిలోల తేడా ఉంటే పెద్దోడు చిన్నోడి లోతుకి రావాల, చిన్నోడిని తన లోతుకి లాక్కుపోకూడదు. ఆడపిల్లలుంటే తాడు పట్టుకునే మనిషి వాళ్ళకి నమ్మకమైన ఆమె అయ్యుండాల, అమ్మానాన్నలు వచ్చి చూస్తామంటే సంతోషంగా కుర్చీ వెయ్యండి. మ్యాట్లు ప్రతిసారీ తుడవాల, లేకుంటే తామర అంటుకుంటుంది. చిత్తూరులో జోడీ దొరక్కపోతే వేలూరు క్లబ్బుల్ని అడగండి, గంట ప్రయాణం.

తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బంద్. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. వాంతి, తగ్గని తలనొప్పి, మత్తు, మాట తడబడటం, ఏదున్నా వెంటనే ఆసుపత్రికి. డాక్టరు సరేనన్నాకే మళ్ళీ మ్యాట్ మీదికి.

ఈ ఆదివారం మాకు ఒక మండపం ఆరింటికి తాళం ఇస్తామన్నారు. 25 ముక్కలు నేను తెస్తా. గట్టు మీద నిలబడను ఇంకొక్క మనిషి కావాల, ఆడకపోయినా పర్లేదు, వచ్చేవాళ్ళు కింద రాయండి.