బొంబాయి పోయింది టీచర్

వేదిక మీద ఉన్న పెద్దలకు, హెడ్మాస్టర్ గారికి, పక్క ఊళ్ల నుంచి వచ్చిన టీచర్లకు, మా చుట్టాలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. సర్పంచ్ గారి గురించి, దాతల గురించి నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. వాళ్ల మాటే నా మాట. నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ఇంకొంచెం ఎక్కువైతే మన్నించాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా లోపల పెట్టుకున్న మాట ఇది.

ఈ రోజు జనవరి 3, సావిత్రిబాయి ఫూలే జయంతి. 2025లో మన తెలంగాణ ప్రభుత్వం ఈ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవం చేసింది. దానికి కొద్ది రోజుల ముందు, 2024 డిసెంబర్‌లో, నా భార్య, మా ఇంటి టీచరమ్మ, పోయింది. మార్చిలో రిటైరైంది, డిసెంబర్‌లో పోయింది. ఆమె పేరు బడిలో పెడదామని తెచ్చిన ఆ ఫొటో కింద రాసి ఉంది. నేను మాత్రం టీచరమ్మ అనే అంటాను. ఈ ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు.

నేను ఆర్టీసీ కండక్టర్‌ను. నాది ఎక్కువగా నైట్ డ్యూటీ. నేను ఇంటికొచ్చే సరికి ఆమె బడికి పోయేది, ఆమె వచ్చే సరికి నేను డిపోకు పోయేవాణ్ణి. అందుకని గుమ్మం పక్కన మేకుకు ఒక పలక వేలాడదీసింది. "పప్పు చారు ఉంది, వేడి చేసుకోండ్రి." "పాపకు జ్వరం తగ్గింది, గోళీ మధ్యాహ్నం ఒకటే." నేను కింద రాసేవాణ్ణి, "జీతం పడ్డది", "రేపు సెలవు దొరకలె" అని. మా కాపురం ఎక్కువ భాగం ఆ పలక మీదే జరిగింది. 2019లో మేం 52 రోజులు సమ్మె చేసినప్పుడు నాకు జీతం లేదు. ఇల్లంతా ఆమె జీతం మీద నడిచింది. ఆ 52 రోజుల్లో పలక మీద పైసల మాట ఒక్కసారి రాయలేదు. పొద్దున లేస్తే నా చొక్కా జేబులో చాయ్ పైసలు ఉండేవి. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మా బిడ్డ ఇక్కడే ఉంది. దశదినం నాడు ఏడుస్తూ ఒక మాట అన్నది: "మా అమ్మ నాకంటే బడి పిల్లలకే ఎక్కువ జడలేసింది నాయినా." ఆ మాట నిజం. తలలో పేలు పడ్డ పిల్లలను బడి వరండాలో కూర్చోబెట్టి దువ్వేది, నూనె రాసేది. ఇంటికొచ్చే సరికి చేతులు పడిపోయేవి. నా బిడ్డ తన జడ తనే వేసుకుంది. తల్లిగా ఆమె తక్కువ చేసిందని నేను అనను. కానీ ఈ ఊరు మా పిల్లల దగ్గర కొంత అప్పు తీసుకుంది, ఆ సంగతి ఈ ఊరు తెలుసుకోవాలి.

ఇప్పుడు అసలు మాటకు వస్తా.

1997లో నాకు నారాయణపేట నుంచి బొంబాయి బండి మీద డ్యూటీ. గుల్బర్గా, షోలాపూర్, పూనా మీదుగా పోయేది. కార్తీకంలో కురుమూర్తి జాతర అయిందంటే ఆ బండి నిండా మన ఊళ్లోళ్లే. పైన జొన్నల మూటలు, సత్తు గిన్నెలు, పలుగులు, పారలు. లోపల మనుషులు, ఒళ్లో పిల్లలు. గుంపు మేస్త్రీ ముందు సీట్లో కూర్చునేవాడు. జంటకు ఇంత అని అడ్వాన్స్ ఇచ్చి ఉండేవాడు, ఆ బాకీ తీరేదాకా వాళ్లు ఎక్కడ పని అంటే అక్కడికి పోవాల్సిందే. దేశంలో ఎన్ని డ్యాములకు, ఎన్ని కాలువలకు పాలమూరు లేబర్ మట్టి మోసిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఇళ్లల్లో మోసినవాళ్లున్నారు. మన చేన్లకు మాత్రం నీళ్లు లేక వలస. దాని గురించి మాట్లాడితే రాత్రి అవుతుంది, వదిలేస్తా.

ఒక రోజు మేస్త్రీ వచ్చి, రేపు రాత్రి బండికి ఎనిమిది మందికి జాగా ఉంచమన్నాడు. ఎవరెవరు అంటే పేర్లు చెప్పాడు. నేను ఇంటికొచ్చి మామూలుగా పలక మీద రాశాను, ఫలానా వాళ్లు కూడా బొంబాయి పోతున్నారు అని. ఆ ఇంటి పిల్ల నాలుగో తరగతిలో ఉందని నాకు తెలియదు.

మర్నాడు రాత్రి బస్టాండులో టికెట్లు కొడుతున్నా. పెద్దవాళ్లకు ఫుల్, పిల్లకు హాఫ్. బండి కదిలే టైముకు ఎవరిదో స్కూటర్ మీద టీచరమ్మ దిగింది. చెప్పులు చేతిలో పట్టుకుని బస్సెక్కింది. నా మొహం కూడా చూడలేదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

పిల్ల తల్లి ఏడ్చింది. "టీచరమ్మా, దీన్ని యాడ ఇడిసిపెట్టాలె? ముసలవ్వకు కండ్లు కనపడయి. చిన్నోణ్ణి ఆడ ఎవరెత్తుకోవాలె?" అన్నది. మేస్త్రీ లేచి అరిచాడు. బండి టైము దాటుతోందని డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నేను ఏమన్నానో చెప్తా వినండి. "టికెట్ కొట్టినంక వాపసు లేదు" అన్నాను. నా భార్యతో అన్నాను ఆ మాట. ఆమె, "అయితే నా జీతంల కోసుకోండ్రి, పిల్లను దించుండ్రి" అన్నది.

ఆ పిల్ల ఉగాది దాకా మా ఇంట్లో ఉంది. మా బిడ్డ పక్కలో పడుకుంది, మా బిడ్డ గౌన్లు వేసుకుంది. అప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం లేదు. అది 2003 జనవరిలో వచ్చింది. వలస పిల్లలకు సీజనల్ హాస్టళ్లు కూడా తర్వాతి మాటే.

ఆ అమ్మాయి ఈ సభలో ఉంది. పేరు చెప్పొద్దంది. పెద్ద ఉద్యోగం వచ్చిందని నేను చెప్పను. పదో తరగతి పాసైంది, పెళ్లైంది, తర్వాత తానూ మొగుడితో కలిసి పూనా పోయింది. కానీ అక్కడ మేస్త్రీ పద్దు పుస్తకం తెరిస్తే వేలిముద్ర వెయ్యలేదు. పుస్తకం తీసుకుని చదివింది. "ఈడ నలభై దినాలు తక్కువ రాసినవ్" అన్నది. ఆ గుంపులో అందరి పద్దులూ ఆమే చదివి చెప్పింది. ఊరికొచ్చాక నేరుగా మా ఇంటికొచ్చి టీచరమ్మకు చెప్పింది. ఆ రాత్రి నేను డ్యూటీకి పోయేటప్పుడు పలక మీద ఒకే మాట ఉంది: "నలభై దినాలు!" నాకు అర్థం కాలేదు. పొద్దున అడిగితే చెప్పింది.

ఇంకో సంగతి. హాజరు పిలిచేటప్పుడు వలస పోయిన పిల్లల పేర్లు కూడా ఆమె రోజూ పిలిచేది. ఇక్కడ చదువుకున్నవాళ్లకు గుర్తుండాలి. గుర్తుందా? పక్కన కూర్చున్న పిల్లలు పలికేవాళ్లు, "బొంబాయి పోయింది టీచర్", "పూనా పోయిండు టీచర్" అని. ఆమె గైర్హాజరు వేసి తర్వాతి పేరుకు పోయేది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి, రాని పిల్లల పేర్లు ఎందుకు కొట్టెయ్యలేదని మెమో ఇచ్చాడు. ఆమె రాసిన జవాబు ఒక్క లైను: "పిల్లలు పని మీద పోయిన తల్లిదండ్రులతో పోయినారు, బడి విడిచిపోలేదు."

హెడ్మాస్టర్ గారూ, ఇప్పుడు నేను చెప్పేది మీకు బాధ కలిగిస్తే క్షమించాలి. ఫొటో ఎక్కడ పెట్టాలో చూద్దామని పోయిన వారం బడికి వచ్చాను. టేబుల్ మీద రిజిస్టర్ తెరిచి ఉంది. పదకొండు పేర్ల మీద ఎర్ర గీత కొట్టి ఉంది. కార్తీకంలో పోయిన పిల్లలు వాళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేర్లు కొట్టేసిన రిజిస్టర్‌కు ఎదురుగా ఆమె ఫొటో పెట్టడం నాకు చేతకాదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఏడాదిలో ఎప్పుడొచ్చినా పిల్లను చేర్చుకోవాలి, టీసీ లేదని ఆపకూడదు. ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. చట్టం కోసం కాదు, ఆమె కోసం అడుగుతున్నా. ఉగాదికి వాళ్లు తిరిగొస్తారు. అప్పటికి ఆ పదకొండు పేర్లు మళ్లీ రాయండి సార్. రోజూ పిలవండి.

ఊరి పెద్దలకు ఒక మాట. వచ్చే కురుమూర్తి జాతరకు ముందే పిల్లలు ఉండిపోయేటట్టు ఇక్కడ హాస్టల్ అడుగుదాం. అది వచ్చేదాకా పంచాయతీ పాత గది ఇప్పించండి. బియ్యానికి ఆమె పింఛను డబ్బుల్లోంచి నేనిస్తా, మా కొడుకు, బిడ్డ ఒప్పుకున్నారు. పద్దు చదివిన అమ్మాయి వంట చేస్తానంది. రాత్రిపూట పిల్లల దగ్గర పెద్ద మనిషి కావాలి కదా, నేను పడుకుంటా. నైట్ డ్యూటీ నాకు అలవాటే.