కుండకు రంగు వేయకండి

శ్రోతలకు నమస్కారం.

ఉగాది వెళ్ళగానే బెజవాడలోనూ గుంటూరులోనూ కూడళ్ళలో చలివేంద్రాల పందిళ్ళు లేస్తాయి. యువజన సంఘం పేరుతో ఫ్లెక్సీ, రెండు కుండలు, ఒక గ్లాసు, రిబ్బన్ కత్తిరింపు, ఫొటోలు. మూడో వారానికి ఫ్లెక్సీ ఉంటుంది, కుండలో నీళ్ళుండవు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి పందిరే ఉండదు.

ఈ వేసవిలో ఏదైనా సేవ చేద్దామనుకుంటున్న పిల్లలకు ఒక్క పని చెబుతాను. ఒకే ఒక్క చలివేంద్రం. ఏప్రిల్ మొదటి వారం నుంచి మృగశిర వచ్చేదాకా, ఒక్కరోజు కూడా ఖాళీ పడకుండా. చిన్న పని అనుకోకండి. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు.

ముందు చోటు చూసుకోండి. బెజవాడ బీసెంట్ రోడ్డులో అడుగడుగునా సోడాలు, జ్యూసులు దొరుకుతాయి. అక్కడ మీ అవసరం తక్కువ. ముఠా కార్మికులు బస్తాలు మోసే చోట, అడ్డా కూలీలు నిలబడే చోట, నీడలేని బస్టాపులో, ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర పెట్టండి. వేపచెట్టు కింద చోటు దొరికితే సగం పని అయిపోయినట్టే. లేకపోతే తాటాకు పందిరి వేయండి. రేకు వేస్తే కింద కొలిమే. మధ్యాహ్నం ఎండ పడమటి నుంచి పడుతుంది కనుక ఆ వైపు ఒక తడిక కట్టండి. ట్రాఫిక్ పోలీసులకూ వార్డు సచివాలయంలోనూ ముందే చెప్పుకుంటే మధ్యలో పీకించే బాధ ఉండదు.

ఇక కుండ. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మట్టి కుండ గోడకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. లోపలి నీరు వాటిగుండా బయటికి చెమరుస్తుంది. ఆ చెమ్మ గాలికి ఆరుతూ లోపలి నీళ్ళ వేడిని లాక్కుపోతుంది. కుండ చెమర్చాలి, చెమ్మ ఆరాలి. ఈ రెంటిలో దేనికి అడ్డొచ్చినా నీళ్ళు చల్లబడవు.

మరి మనవాళ్ళు ఏం చేస్తారు? కుండకు తళతళలాడే ఆయిల్ పెయింటు వేసి సంఘం పేరు రాస్తారు. రంధ్రాలన్నీ పూడిపోతాయి. పైగా అందం కోసం ప్లాస్టిక్ కాగితం చుడతారు. ఆరే దారి కూడా పోయింది. పేరు రాయాలనుంటే పక్కన ఒక పలక మీద రాయండి. కుండకు మాత్రం రంగు వేయకండి.

కొత్త కుండలో నిండా నీళ్ళు పోసి ఒక రోజు ఉంచి పారబోయండి. మట్టివాసన తగ్గేదాకా రెండు మూడుసార్లు అలా చేయండి. సబ్బుతో తోమకండి, కుండ సబ్బును పీల్చుకుంటుంది. కొబ్బరిపీచు చాలు. బోరు నీళ్ళు వాడితే కొన్ని వారాలకు బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. దాన్ని గీకి కడగకపోతే చల్లదనం తగ్గుతుంది. కింద ఇసుక పరిచి రోజుకు మూడుసార్లు తడపండి. కుండకూ కుండకూ మధ్య జానెడు ఖాళీ వదలండి, గాలి ఆడాలి. పొడిగా పడమటి గాలి వీచే రోజున కుండ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఉక్కపోత రోజున గాలిలోనే తేమ ఉంటుంది, అంతగా చల్లబడదు. ఆ రోజు కుమ్మరిని తిట్టకండి.

ఎన్ని కుండలు? ఒక మనిషి రెండు గ్లాసులు తాగితే 400 మిల్లీలీటర్లు. 250 మందికి 100 లీటర్లు. 20 లీటర్ల కుండలు ఆరు తీసుకోండి. సుద్దతో ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేసి రాత్రే నింపండి. పొద్దున ఒకటో కుండతో మొదలుపెట్టండి. ఖాళీ అయిన కుండను వెంటనే నింపి వరస చివరికి పంపండి. దానికి నాలుగైదు గంటల వ్యవధి కావాలి. సగం ఖాళీ అయిన కుండలో కాగిన ట్యాంకరు నీళ్ళు గుమ్మరిస్తే ఉన్న చల్లదనమూ పోతుంది.

కుళాయి ఉన్న కుండలే కొనండి. చెయ్యి గానీ గ్లాసు గానీ కుండలోకి దిగకూడదు. దిగిందంటే మీరు పంచేది విరేచనాలు. కుళాయికి కింద కొంత నీరు మిగిలిపోతుంది, దాన్ని రోజూ రాత్రి వంచి పారబోయాలి.

కుళాయి నీళ్ళో, ట్యాంకరు నీళ్ళో, ఏవైనా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగాకే వాడండి. ఎన్ని లీటర్లకు ఎన్ని బిళ్ళలో ప్యాకెట్టు మీద ఉంటుంది. బిళ్ళ డ్రమ్ములో వేయాలి, తర్వాత కుండలోకి పోయాలి. నీరు మడ్డిగా ఉంటే ముందు తేర్చి వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ ఆ మడ్డికే ఖర్చయిపోతుంది. ఐసు వేయాలన్న సరదా ఉంటుంది. చేపల బండికి వేసే దిమ్మ ఐసు తాగే నీళ్ళతోనే చేశారన్న నమ్మకం లేదు. వద్దు.

గ్లాసుల విషయం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసుల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. స్టీలు గ్లాసులు ఒక ముప్పై పెట్టుకుని, సబ్బు నీళ్ళలో తోమి, రెండు బకెట్ల మంచినీళ్ళలో కడిగి బోర్లించండి. వచ్చినవాళ్ళు ఎవరైనా గ్లాసు చేతికివ్వండి. కొందరికి గ్లాసు, కొందరికి దోసిట్లోకి ఎత్తి పోయడం అనే పాత రోగం చలివేంద్రంలోకి రానివ్వకండి. కులం చూడకుండా అందరినీ కలిపి కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన పలనాటి బ్రహ్మనాయుడి ప్రాంతం మనది.

ఓఆర్‌ఎస్ కూడా పెడతారు, మంచిదే. కానీ ప్యాకెట్టు చించి గ్లాసుకు ఇంత చొప్పున చల్లుతారు, అది తప్పు. లీటరు ప్యాకెట్టు మొత్తం సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి. సొమ్మసిల్లిన వాళ్ళకు, చెమటతో నీరసించిన వాళ్ళకు ఇవ్వండి. దారిన పోయే అందరికీ అక్కర్లేదు, బీపీ ఉన్నవాళ్ళుంటారు. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకండి. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ఇంతకీ పందిళ్ళు మూడో వారానికి ఎందుకు పడిపోతాయి? డబ్బు లేక కాదు, మనుషులు లేక. లెక్క చూడండి. ఉదయం తొమ్మిది నుంచి ఐదు దాకా, రెండేసి గంటల వంతు, వంతుకు ఇద్దరు. రోజుకు ఎనిమిది మంది, వారానికి 56 వంతులు. ఒక్కొక్కరు వారానికి రెండు వంతులు చేస్తే 28 మంది కావాలి. మీ సంఘంలో పధ్నాలుగు మందే ఉన్నారా? పదకొండు నుంచి నాలుగు దాకా, రెండున్నర గంటల వంతులు రెండు పెట్టుకోండి. సరిగ్గా సరిపోతుంది. డిగ్రీ పరీక్షలు, ప్రవేశ పరీక్షలు ఏప్రిల్, మేలలోనే పడతాయి. టైంటేబుళ్ళు ముందే పక్కన పెట్టుకుని వంతులు రాయండి. పరీక్షలున్న వాళ్ళ బదులు వీధిలోని రిటైరైన బాబాయిలనూ పిన్నులనూ అడగండి. మామూలుగా వాళ్ళను ఎవరూ అడగరు, అడిగితే వస్తారు.

పశువులకూ కుక్కలకూ ఒక తొట్టి పెట్టండి. అయితే మూడు రోజులకోసారి నీళ్ళు పూర్తిగా ఒంపి, అంచులు రుద్ది కడగాలి. గుడ్డు దోమ కావడానికి వారం చాలు.

మృగశిర వచ్చి వానలు పడితే మూసేస్తారు. మూడు రోజుల ముందే పలక మీద ఆ తేదీ రాసి పెట్టండి. అప్పటికి మీ కుండను నమ్ముకుని సీసా తెచ్చుకోవడం మానేసిన వాళ్ళు చాలామంది ఉంటారు.

సెలవు.