మూడు లాంతర్ల దగ్గర దిగుతాను: విజయనగరం పాత ఊరిలో ఒక నడక

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఆటో ఎక్కి "మూడు లాంతర్ల దగ్గర దింపు బాబూ" అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇక్కడ పాత కట్టడాలంటే టికెట్టు కొని చూసే వస్తువులు కావు, ఊరి అడ్రసులు. ఈరోజు ఆ అడ్రసుల మధ్యే నడుద్దాం.

ముందు కోట. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి రోజున పునాది వేశారని చెబుతారు. పేరులోనే విజయం ఉన్న ఊరు కదా! 1958లో ఇక్కడి రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు గారు విద్యాసంస్థలు నడిపే మాన్సాస్ ట్రస్టు పెట్టాక ఈ కోట చదువులకు నెలవైంది. రాజులు దాటిన ద్వారంలోంచి ఇప్పుడు పిల్లలు పుస్తకాల సంచులతో లోపలికి వెళ్తుంటారు. ఈ ఊళ్లో నాకు బాగా నచ్చే దృశ్యం అదే.

కోట నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే పైడితల్లి అమ్మవారి గుడి, దాని పక్కనే మూడు లాంతర్ల కూడలి. దసరా తర్వాత వచ్చే మంగళవారం అమ్మవారి జాతరలో సిరిమాను, అంటే పొడవాటి చెట్టు మాను, ఈ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆ మాను చివర పూజారి కూర్చుని ఉంటారు. కింద ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ రోజు ఈ వీధి వెడల్పు, ఈ మలుపులు, ఈ మేడల మీద జాగా అన్నీ దేనికి అక్కరకొస్తాయో అర్థమవుతుంది.

ఇక ఆ లాంతర్ల సంగతి. కరెంటు లేని రోజుల్లో కూడలికి వెలుగిచ్చిన దీపస్తంభం అది. 2020 మే నెలలో పాతదాన్ని తీసేశారు. ఊరంతా బాధపడింది, గొడవ పెట్టుకుంది కూడా. నాకూ మనసు చివుక్కుమంది. కొత్తది ఎంత బాగా కట్టినా పాత రాయి పాత రాయే. ఏదైనా కదపాల్సి వస్తే ముందు కొలతలు రాసుకోవాలి, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయాలి, ఊడదీసిన ప్రతి ముక్కకూ నంబరు వేసి దాచాలి. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు బజారులోకి వచ్చాం. అదిగో గంటస్తంభం! 1885 నాటిది, ఎత్తు 68 అడుగులు. దగ్గరికి వెళ్లి చుట్టూ తిరిగితే ఎనిమిది ముఖాలు లెక్కపెట్టొచ్చు. కట్టింది ఇసుకరాయితో, కానీ పైన రంగు వేసేశారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఇసుకరాయి తేమను పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. పైన ఆయిల్ పెయింటు లాంటిది మందంగా పూస్తే ఆ తేమ బయటికి రాలేక రాయి లోపల్నుంచి పొరలు పొరలుగా రాలిపోతుంది. గానుగ సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో, కట్టిన పాత గోడల మీద సిమెంటు పూసినా ఇదే కథ. రెండు వానాకాలాలు గట్టిగా కనిపిస్తుంది, తర్వాత ఉబ్బి పెచ్చులూడుతుంది. అప్పుడు "గోడ పాతబడిపోయింది, కొట్టేద్దాం" అంటారు. పాపం, గోడ తప్పేముంది? సున్నానికి సున్నమే వాడితే నిలబడేది.

సంగీత కళాశాల గురించి చెప్పకుండా ఎలా? 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ గురువు. ఘంటసాల ఈ ఊళ్లో మధూకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని తింటూ చదువుకున్నారు. ఈ వీధుల్లో ఎన్ని అరుగులు ఆ పిల్లవాడికి అన్నం పెట్టాయో! అరుగున్న ఇల్లు కనిపిస్తే నేను ఆగి చూసేది అందుకే.

ఒక పని చేసి పెట్టండి. మీ ఇంట్లో పెళ్లి ఆల్బమో, సిరిమాను నాటి ఫొటోనో ఉంటే తీసి చూడండి. మనుషుల వెనకాల పాత మూడు లాంతర్లు కనిపిస్తే, ఫోన్‌తో స్కాన్ చేసి, ఏ సంవత్సరమో రాసి పంపండి. వచ్చినవన్నీ వరసగా పెట్టి వచ్చే వీడియోలో చూపిస్తాను.