మంచిచెడ్డలు తేల్చేది బుద్ధా, మనసా?

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదు పాతబస్తీలో ఒక పెళ్లి బరాత్ మర్ఫా మోతతో సాగుతోందనుకుందాం. దారిలో ఒక ఇంటి ముందు షామియానా కింద శవం ఉందని తెలియగానే ముందు నడుస్తున్న పెద్దమనిషి చెయ్యెత్తుతాడు, వాయించేవాళ్లు అరచేతులు చర్మం మీద అదిమిపట్టి మోత ఆపేస్తారు, ఆ ఇల్లు దాటేదాకా పెళ్లివారు గొంతు తగ్గించుకుని నడుస్తారు. అప్పుడు ఏ కుర్రవాడైనా టపాకాయ పేల్చాడా, చావింటివాళ్లకన్నా ముందు పెళ్లివాళ్లే అతణ్ణి కసురుకుంటారు.

ఆ కసురుకు మూలమేమిటి? టపాకాయ ఎంత గట్టిగా పేలిందో యంత్రంతో కొలవవచ్చు గాని, అక్కడ పేల్చడం తప్పన్న సంగతి ఏ యంత్రమూ చెప్పదు. స్కాట్లాండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739-40లో వెలువరించిన గ్రంథంలో ఈ మాటే హత్యను ఉదాహరణగా తీసుకుని చెప్పాడు. హత్యను ఎన్ని వైపుల నుంచి పరిశీలించినా ఉద్దేశాలూ చేష్టలూ కనిపిస్తాయే తప్ప దోషమనేది విడిగా కనిపించదని, చూసినవాడి గుండెలో పుట్టే ఏవగింపులోనే అది దొరుకుతుందని ఆయన వాదం.

అయితే ఎవరి మనసుకు తోచింది వారికి న్యాయమేనా? హ్యూమ్ మిత్రుడు ఆడమ్ స్మిత్ 1759లో నైతిక భావాల మీద రాసిన పుస్తకమంతా ఈ చిక్కు చుట్టూనే తిరుగుతుంది. అర్థశాస్త్రంలో మనం వినే స్మిత్ ఈయనే. నా మటుకు నాకు ఈ పుస్తకమే ఎక్కువ ఇష్టం. ఎదుటివాడి దుఃఖం కారణం తెలియకముందే మనల్ని కొంత కదిలిస్తుంది, కోపం అలా కాదంటాడాయన. చౌరస్తాలో స్కూటరతను ఆటోడ్రైవరు కాలరు పట్టుకుంటే ముందు డ్రైవరు మీదే జాలి కలుగుతుంది. స్కూటరు వెనక సీటు మీద మోకాలు చీరుకుపోయిన పాపను చూశాక గాని ఆ కోపంలో న్యాయం మనకు అందదు. ఆ పాప మన బిడ్డయినా, ఆ డ్రైవరు మన తమ్ముడైనా చూపు మళ్లీ మారిపోతుంది కనుక, ఇద్దరిలో ఎవరికీ ఏమీ కాని, అయినా జరిగిందంతా తెలిసిన ఒక సాక్షిని మనసులో నిలబెట్టుకుని, అతనికి ఏమనిపిస్తుందో చూడమన్నాడు స్మిత్.

గుంపు మాట వేరు, ఆ సాక్షి మాట వేరు. ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో జాన్ కలాస్ అనే వర్తకుడు మతద్వేషంతో కన్నకొడుకునే చంపాడని జనం నమ్మారు, న్యాయస్థానమూ నమ్మింది. 1762లో ఆయనను చిత్రవధ చేసి చంపారు, 1765లో నిర్దోషి అని తేల్చారు. 1764లో ఆ ఊళ్లోనే నివసించిన స్మిత్, తాను చనిపోయిన 1790లో వచ్చిన ఆ పుస్తకపు కొత్త కూర్పులో కలాస్‌ను తలచుకున్నాడు. లోపలి సాక్షి నిర్దోషివని ఎంత చెప్పినా, లోకమంతా హంతకుడంటున్నప్పుడు ఆ మనిషికి తత్వశాస్త్రం ఇవ్వగల ఊరట స్వల్పమని, దైవం మీద నమ్మకమే అతనికి దిక్కని ఆయన ఒప్పుకున్నాడు.